నక్షల లేని గూడేలను కాయితం మీదికి తెచ్చిన హైమన్‌డార్ఫ్

ఫోన్ల మ్యాపు తెరిచి ఆసిఫాబాద్ నుంచి కెరమెరి, జైనూర్ దిక్కు మెల్లగ జరుపుకుంట పోండ్రి. ఘాటు ఎక్కినంక తెర మీద పచ్చరంగు పరుచుకుంటది. ఆడొకటి ఈడొకటి ఊరి పేరు కనవడతది. మిగిలిందంత ఉత్త అడవే అనుకుంటరు తెల్వనోళ్లు. కని ఆ పచ్చరంగు కింద గోండు గూడేలున్నయి, కొలాం గూడేలున్నయి, జొన్న చేన్లున్నయి, బడికి పోయే పిల్లలున్నరు. మ్యాపుల పేరు లేకుంటే పోయేదేముంది అని మీరనొచ్చు. చానా పోతది. పట్టా పోతది, రోడ్డు పోతది, రాత్రిపూట అంబులెన్సు దారి తప్పుతది. ఎనభై ఏండ్ల కిందనైతే గూడేనికి గూడెమే పోతుండె. లెక్కల లేని ఊరని చెప్పి గుడిసెలకు నిప్పు పెడుతుండె.

ఈ ముచ్చట చెప్పాల్నంటే ఒక పరాయి దేశపాయన కథ చెప్పాలె. హైమన్‌డార్ఫ్ పేరు మన జిల్లాల విననోళ్లు తక్కువ. జనవరి 11 వచ్చిందంటే మార్లవాయిల ఆ దంపతుల వర్ధంతి చేస్తరు, పేపర్ల ఫొటో పడతది, లీడర్లు దండలేసి పోతరు. గిరిజన బాంధవుడని రెండు మాటలంటరు. ఆయన చేసిన అసలు పనేందో ఇడమర్చి చెప్పేటోళ్లు మాత్రం తక్కువ. నేను గోండును కాదు, మాది కింద మైదానంల ఊరు. అయినా మా జిల్లా సంగతి సగం ఆయన పుస్తకాలు చదివే తెలుసుకున్న. అందుకే రాస్తున్న.

పూర్తి పేరు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909 జూన్ 22న ఆస్ట్రియా దేశం వియన్నాల పుట్టిండు. పెద్దింటి పిల్లగాడు. మానవశాస్త్రం చదివి, లండన్‌ల కొన్నాళ్లుండి, 1936ల అస్సాం దిక్కు నాగా కొండలకు పోయిండు. 1938ల బెట్టీని పెండ్లి చేసుకున్నడు. బెట్టీ ఎలిజబెత్ అంటే ఆయన ఎనుకంగ నడిచిన ఆడిమనిషి అనుకోకుండ్రి. ఆయన గుట్టలెక్కితే ఆమె ఎక్కింది, ఆయన రాస్తే ఆమె రాసింది. గూడేల ఆడోళ్ల బతుకు ఆయనకు తెలిసిందంటే చానామట్టుకు ఆమె వల్లనే అని నేననుకుంట.

1939ల ఇద్దరు మల్ల ఇండియాకు వచ్చిండ్రు. గప్పుడే యుద్ధం మొదలైంది. అంతకు ముందేడే హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీల కలుపుకున్నడు కాబట్టి ఈయన చేతుల ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. ఇంగ్లీషోళ్ల లెక్కల శత్రుదేశపోడు. జైల్ల పెట్టకుంట, నిజాం రాజ్యం దాటి పోవద్దని కట్టడి చేసిండ్రు. ఇంకొకడైతే హైదరాబాద్‌ల బంగ్లాల కూసొని యుద్ధం అయిపోయేదాక పేపర్ సదువుకుంటుండె. ఈయన నల్లమల పోయి చెంచుల తోటి ఉన్నడు. తర్వాత గోదావరి గుట్టల కొండరెడ్ల దగ్గరికి పోయిండు. 1941ల ఆదిలాబాద్ అడవిల అడుగుపెట్టిండు.

అప్పటికి జోడేఘాట్ రక్తం ఆరలే. 1940ల కుమ్రం భీమ్‌ను, ఆయనతోటి నిలవడ్డ గోండులను నిజాం పోలీసులు కాల్చి సంపిండ్రు. పన్నెండు గూడేల పోరు అది. సర్కారుకు భయం పట్టుకుంది. తుపాకి తోటి ఒకసారి అణిచినం, రేపు మల్ల లేస్తే ఎట్ల అని. గోండులకు ఎందుకింత కోపమొచ్చిందో తెలుసుకొని చెప్పమని హైమన్‌డార్ఫ్‌ను పురమాయించిండ్రు. ఇది యాది పెట్టుకోండ్రి. ఆయనను ఈడికి పిలిపించింది సర్కారు దయ కాదు, భీమ్ చావు. భీమ్ లేకుంటే ఈయన రాసిన కాయితాన్ని చదివే అధికారే ఉండకపోవు.

మరి ఆయనకు కనవడ్డదేంది? గీత. అడవిశాఖ గీసిన గీత.

జర ఇడమర్చి చెప్త. గోండులు నాగలి దున్నేటోళ్లే. కని గుట్ట మీద పటారు నేల పలుచగుంటది. కొన్నేండ్లు పంట తీస్తే బలం పోతది. అప్పుడు దాన్ని పడావు పెట్టి పక్కది దున్నుతరు. కొన్నేండ్లకు మల్ల పాతదానికి వస్తరు. అంటే ఒక గూడేనికి బతుకనీకి ఈ ఏడు దున్నే జాగ ఒక్కటే సరిపోదు, పడావు పెట్టిన జాగ గూడ కావాలె. కొలాములదైతే గుట్టవాలు మీద పోడు. చానామందికి ఎడ్లు లేవు, నాగలి లేదు, గుంజతోటి పొడిచి గింజలేస్తుండె.

రిజర్వు అడవికి హద్దులు పెట్టేటప్పుడు ఆ రోజు దున్ని ఉన్న ముక్కను ఇడిసిపెట్టిండ్రు. పడావున్న జాగల చెట్లు మొలిసినయి కాబట్టి అది అడవి అని రాసుకున్నరు. ఒక్క దినం చూసి గీసిన గీత అది. తాతలకాలం నుంచి తిప్పి తిప్పి దున్నిన భూమి తెల్లారేసరికి సర్కారు అడవి అయింది. అండ్ల కాలు పెడితే దండుగ. కట్టె తెస్తే దండుగ, పశువు మేస్తే దండుగ. చౌకీదారు చేతుల పైసలు పడకపోతే గుడిసె కాలుతుండె. కొన్ని గూడేలు గీత లోపలనే చిన్న చిన్న ముక్కలుగ మిగిలినయి, చెరువు నడుమ తిప్పల తీరు. కొన్నిటిని ఖాళీ చేయిపిచ్చిండ్రు.

గీత బయటున్నోళ్లకన్న సుఖముండెనా అంటే అదీ లేదు. వాళ్లకు ఇంకో బాధ. గోండులు చానామంది శివాయి జమాబందీ కింద దున్నుకుంటుండె. అంటే శిస్తు కట్టించుకుంటరు, హక్కు ఇయ్యరు. పట్టా అడుగుదామంటే చదువు రాదు, భాష రాదు. దఫ్తర్ల ఉర్దూ, పట్వారీ నోట్ల మరాఠీ లేకుంటే తెలుగు, ఈయన నోట్ల గోండి. రైలొచ్చి, బాటలు పడి, కింద నుంచి దున్నెటోళ్లు, షావుకార్లు ఎక్కొచ్చినకొద్ది నల్లరేగడి భూముల మీద వేరేటోళ్ల పేర్లెక్కినయి. గోండు అడవి కొట్టి సాపు చేసి సాగుల పెట్టిన భూమిల గోండే పాలేరు అయిండు. అడవిశాఖ గీత పైనుంచి తోసుకొచ్చింది, పట్టాల గీత కిందినుంచి తోసుకొచ్చింది, గోండు నడుమ ఇరుక్కున్నడు.

హైమన్‌డార్ఫ్ దీన్ని తాలూకా దఫ్తర్ల కూసోని రాయలే. ఊరూరు తిరిగిండు. ఈ గూడెం ఎవలు పెట్టిండ్రు, అంతకు ముందు ఏడుండె, ఎవలు ఏ చెలక కొట్టిండ్రు, శిస్తు ఎన్నేండ్లు కట్టిండ్రు, పట్టా ఎవని పేరు మీద అయింది, ఎవలు ఎల్లగొట్టబడ్డరు అని ఊరి పేరు తోటి, మనిషి పేరు తోటి రాసిండు. చదువుతుంటే పుస్తకం లెక్క ఉండదు, పంచాయతిల వాంగ్మూలం లెక్క ఉంటది. నాకు ఆయన రాతల అన్నిటికంటే బలమైనయి ఇవే. గోండుల పురాణాలు, పెండ్లిళ్లు, సావులు గూడ దంచి రాసిండు. విద్వాంసులు వాటినే మెచ్చుకుంటరు. మనకు అక్కెరొచ్చేది మాత్రం ఈ భూమి లెక్క.

ఊరంటే ఏందో గూడ గోండుల దగ్గరనే నేర్చుకున్నడు. రెవెన్యూల ఊరంటే సర్వే నంబర్లు, హద్దురాళ్లు. గోండు ఊరంటే అకిపేన్. ఊరు పెట్టిననాడు ఊరి కావలి దేవున్ని నిలబెడతరు. ఊరు పెట్టిన ఇంటి మనిషి పట్ల అయితడు, మనం పటేల్ అంటం. దేవుని పని దేవారి చూస్తడు. ఇండ్లు జరగొచ్చు. రోగమొచ్చినా, పటేల్ ఇంటికి కీడు సోకినా గుడిసెలు ఇప్పుకొని ఇంకో జాగల ఏసుకుంటరు. కని ఏ నేల ఏ దేవుని కింద ఉందో అందరికి ఎరుకే. ప్రధాన్‌లు కిక్రి వాయించుకుంట ఏ ఇంటిపేరోళ్లు ఏడికెళ్లి ఏడికి వచ్చిండ్రో పాడుతరు. మెస్రంవాళ్లు ఇప్పటికీ నాగోబా జాతరకు ముందు హస్తినమడుగు దాక కాలినడకన పోయి గోదారి నీళ్లు తెస్తరు. ఏ ఊరికాడ ఆగాలె, ఏ చెట్టు కింద పండాలె అన్నీ లెక్కే. కాళ్లతోటి గీసిన నక్ష అది. ఊర్ల పేర్లు గూడ అంతే. చివరకు జరి అని ఉంటే ఊట ఉన్నట్టు, పటార్ అని ఉంటే గుట్ట మీద సాపు నేల ఉన్నట్టు. బాబెజరి, పాలెజరి, భోలాపటార్ అనంగనే నేల కండ్లముంగట కనవడతది. దఫ్తర్ల కూసున్నోనికి ఇదంత కనవడలే. ఇండ్లు జరిగినయంటే వీళ్లు తిరుగుబోతులు, వీళ్లకు సొంతూరు లేదు అని రాసుకున్నడు.

మార్లవాయిల గుడిసె ఏసుకొని ఉన్నరు మొగడు పెండ్లాం. అప్పుడు ఆడికి రోడ్డు లేదు. గోండి నేర్చుకున్నరు. చదువు లేకుంటే పట్టా వచ్చినా నిలవదని ఎరుకైంది. 1943ల మార్లవాయిలనే గోండు పిల్లగాండ్లకు పంతుళ్ల ట్రైనింగు మొదలువెట్టిచ్చిండు. గోండిల వాచకాలు రాయిపిచ్చిండు. లిపి దేవనాగరి. ఆ దిక్కు చదువొచ్చిన కొద్దిమందికి వచ్చింది మరాఠీ కాబట్టి అట్ల చేసిండ్రు. ఆ బడుల చదివినోళ్లే పంతుళ్లయిండ్రు, దఫ్తర్ల చిన్న నౌకర్లు చేసిండ్రు, అర్జీ రాసేటోళ్లయిండ్రు. కేస్లాపూర్ జాతరల అధికారులు వచ్చి కూసొని గోండుల ఫిర్యాదులు వినే దర్బారు గూడ ఆయన పెట్టిచ్చిందే. ఇప్పటికీ నడుస్తుంది. ఇప్పుడైతే ఫిర్యాదులకంటే ప్రసంగాలే ఎక్కువ అని అనిపిస్తది, అది వేరే ముచ్చట.

ఆయన రిపోర్టులు 1945ల ట్రైబల్ హైదరాబాద్ అని పుస్తకమయినయి. సర్కారుల గ్రిగ్సన్ అనే ఇంగ్లీషు అధికారి అండగ నిలవడ్డడు. బస్తర్ గోండుల మీద పుస్తకం రాసినాయన ఆయన. సేతు మాధవరావు పగడి అసొంటి అధికారులు జిల్లాల ఉండి పని నడిపిండ్రు. గిరిజనుల మీద సలహాదారుగ హైమన్‌డార్ఫ్‌నే పెట్టుకున్నరు. లావణి నిబంధనలు మార్చి, అడ్డగోలు ఫీజులు లేకుంట, గోండు దున్నుతున్న భూమిని ఆయన పేరు మీదనే పట్టా చేసిండ్రు. ఆదిలాబాద్ జిల్లాల పదకొండు వేల మందికి పైన, దాదాపు 1,60,000 ఎకరాలు. ఇయ్యాల గుట్ట మీద ఏ గోండింట్లనన్న ట్రంకు పెట్టెల పాత లావణి పట్టా ఉన్నదంటే అది చానామట్టుకు గప్పటిదే. గిరిజన ప్రాంతాల చట్టం నిజాం కాలంల 1356 ఫస్లీల, అంటే 1946ల వచ్చింది. పోలీస్ యాక్షన్ తర్వాత 1949ల దాన్ని మల్ల గట్టి చేసిండ్రు. మనం ఇయ్యాల వన్ ఆఫ్ సెవెంటీ అని అంటున్నదానికి తాత అదే.

నేను ఆయనను దేవున్ని చెయ్య. నిజాం జీతం తీసుకున్నడు. భీమ్‌ను సంపిన సర్కారుకే సలహా ఇచ్చిండు. గోండులు మల్ల తిరుగవడకుంట చెయ్యాలె అన్నది సర్కారు లెక్క, ఈయన పని ఆ లెక్కల ఒక భాగం. ఇంకో మాట గూడ ఉంది. తిరిగే సాగును ఒక కాడ పాతితే ఏమైతది? పట్టా ఇచ్చిననాడు ఇంటికి ఇంత అని ఇచ్చిండ్రు. అడవి నడుమ గూడేలకు చుట్టు గీత అట్లనే ఉంచిండ్రు. ఒక ఇల్లు నాలుగిండ్లయింది, నాలుగు పదహారయినయి, గీత జరగలే. పడావు పెట్టే జాగ లేక అదే నేలను ప్రతి ఏడు దున్ని దున్ని బొందవెట్టిండ్రు. ఎడ్లు, నాగలి లేని కొలాములకు అందింది ఇంకా తక్కువ. ఆ బాధ ఆయనకు ఎరుకే, రాసిండు గూడ. రాసుడు వేరు, చేయించుడు వేరు. అయినా అప్పుడు ఆ పట్టాలు రాకపోతే ఇయ్యాల జైనూర్, ఉట్నూర్ దిక్కు గోండు రైతు అనే మాటే ఉండకపోవు అని నేనంట.

తర్వాత లండన్ పోయిండు. స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌ల 1951 నుంచి 1976 దాక ప్రొఫెసర్. నేపాల్ పోయి షెర్పాల మీద పుస్తకం రాసిండు. ప్రపంచంల పేరొచ్చింది. రిటైరయినంక మల్ల ఆదిలాబాద్ వచ్చిండు. అప్పటికి తాను ఇప్పిచ్చిన పట్టాలు చానామంది చేతుల లేవు. బాటలు పడ్డయి, బయట నుంచి జనం వేలకు వేలు వచ్చిండ్రు, అప్పుల కింద, కౌలు కింద, ఉత్త దౌర్జన్యం కింద భూములు చేతులు మారినయి. కాయితం మీద గోండు పేరు, చేన్ల వేరేటోని నాగలి. చట్టం ఉంది, అమలు చేసెటోడు లేడు. మల్ల ఊరూరు తిరిగి మల్ల లెక్క రాసిండు. ఈసారి కోపం దాచుకోలే. ఆ పుస్తకం 1982ల వచ్చింది, పేరు ట్రైబ్స్ ఆఫ్ ఇండియా. అది అచ్చయ్యేలోపటనే 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిల పోలీసు కాల్పులయినయి. సర్కారు లెక్క ప్రకారం 13 మంది చనిపోయిండ్రు. జనం లెక్క అంతకు చానా ఎక్కువ. జోడేఘాట్‌కు ఇంద్రవెల్లికి నడుమ నలభై ఏండ్లు, కొట్లాట మాత్రం అదే భూమి కోసం.

సర్కారు గీతల ముచ్చట ఆడికే ఆగలే. 1956ల రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు ఆదిలాబాద్ జిల్లానే కోసిండ్రు. రాజురా, కిన్వట్ అటు పోయినయి, మిగిలింది ఇటు వచ్చింది. తెలుగు, మరాఠీ అని లెక్కేసి గీత గీసిండ్రు. గోండి మాట్లాడేటోడు ఎటు దిక్కు అని అడిగినోడు లేడు. అన్న అటు, తమ్ముడు ఇటు. కెరమెరి మండలం సరిహద్దుల పరందోలి, ముకదంగూడ, అంతాపూర్ అసొంటి పన్నెండు పద్నాలుగు ఊర్లయితే ఇప్పటికీ తమదంటే తమదని రెండు రాష్ట్రాలు అంటున్నయి. ఆ ఊర్లల్ల రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు, ఇద్దరిద్దరు సర్పంచులు, మరాఠీ బడొకటి, తెలుగు బడొకటి. టీవీలోళ్లకు నవ్వులాట. పోయి భూమి పట్టా ఉన్నదా అని అడుగుండ్రి. రెండు సర్కార్లున్న కాడ పట్టా దగ్గరికొచ్చేసరికి అడవి హద్దు అడ్డమొస్తది.

తమ్మీ, చెల్లె, ఇక్కడ ఒక అక్కెర ముచ్చట చెప్త, జర మనసు పెట్టి చదువుండ్రి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి సాగుల ఉన్న గిరిజనునికి హక్కుంది. 2023 జూన్‌ల ఆసిఫాబాద్ నుంచే పోడు పట్టాల పంపిణీ మొదలైంది, అయినా రానోళ్లు మస్తుమంది ఉన్నరు. రుజువు తెమ్మంటే మనోళ్లు శిస్తు రశీదు లేదు, దండుగ రశీదు లేదు అని ఎనుకకు మళ్లుతున్నరు. రుజువంటే రశీదొక్కటే కాదు. ఆ చట్టం కింద 2008ల వచ్చిన నిబంధనలల్ల పదమూడోది చదువుండ్రి. పాత సంస్థానాల కాలం నాటి నక్షలు, రికార్డులు చెల్లుతయి. పేరున్న సంస్థలు చేసిన పరిశోధనలు చెల్లుతయి. బావి, బొందలగడ్డ, దేవుని జాగ చెల్లుతయి. పాత రికార్డుల ఉన్న తాత పేరు నుంచి మీ దాక వంశవృక్షం చూపిస్తే చెల్లుతది. హక్కు అడుగుతున్నోడు కాకుంట ఊరి ముసలాయన చెప్పింది రాసి పెట్టుకున్నా చెల్లుతది. ఒక్కటే కాదు, రెండు రుజువులు పెట్టాలె. అకిపేన్ గద్దె గూడ రుజువే అన్నట్టు.

గ్రామసభల మీ గూడెం నక్ష మీరే గీసి పెట్టొచ్చు. ఊట ఏడుంది, పాత గూడెం ఏడుండె, పశువుల బాట ఏది, బొందలగడ్డ ఏది, ఎవల చెలక ఏడిదాక అని. ఇప్పుడు ప్రతి పిల్లగాని చేతుల ఫోనుంది, జాగ జాగకు నిలవడి ఫొటో తీస్తే అక్షాంశం రేఖాంశం అదే పడతది. హైమన్‌డార్ఫ్ దంపతులకు ఇవేం లేకుండె. కాలినడక, నోటుబుక్కు, కెమెరా. ఆ కెమెరా తోటి తీసిన వేల ఫొటోలు, సినిమా రీళ్లు, డైరీలు ఇప్పుడు లండన్‌ల ఆయన పనిచేసిన కాలేజీలనే ఉన్నయి. అందుల ఎవల తాత ఫొటో ఉన్నదో, ఎవల పాత గూడెం ఉన్నదో మన దిక్కు నుంచి పోయి ఎతికినోళ్లు తక్కువ. పైసలు పెట్టి స్టాచ్యూలు కట్టే కాడ, ఆ ఫొటోల నకళ్లు తెచ్చి ఉట్నూర్‌ల పెట్టుమని అడగొచ్చు గదా అని నా మట్టుకు నాకు అనిపిస్తది.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాద్‌ల చనిపోయింది. మార్లవాయిల మట్టి చేసిండ్రు. హైమన్‌డార్ఫ్ 1995 జూన్ 11న లండన్‌ల పోయిండు. పదిహేడేండ్లకు, 2012ల, కొడుకు నికోలస్ ఆయన చితాభస్మం తీస్కొని మార్లవాయి వచ్చిండు. గోండు పెద్దల ముంగట తల్లి పక్కపొంటి తండ్రిని పెట్టిండు. రెండు సమాధులు ఊరి పక్కనే ఉన్నయి, జైనూర్ నుంచి పోతే ఎవలన్న చూపెడతరు.